ఇప్పచెట్టు కింద పన్ను రాయితీ

మూల్యాంకన శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. “మేడం, బస్తర్‌లో అన్నేళ్లు పనిచేశారు కదా, మేం ఏం చదవాలి?” అని. చదవాల్సింది ఆఫీసే ఇస్తుంది నాయనా, మోయలేనంత. చదివితే రానిది కొంచెం ఉంది, అది చెప్తాను. ఇష్టమైతే వినండి, లేకపోతే మానేయండి. నాకు ముక్కు మీద కోపమని ఆఫీసులో అందరికీ తెలుసు. రాతలో కాస్త కారం తగిలితే సర్దుకోండి.

నేను బచేలిలో పుట్టాను. నాన్నది బొబ్బిలి వైపు ఊరు. కిరండూల్ రైల్వే లైన్‌లో పట్టాలు చూసే కీమాన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో మా అమ్మ “ఏటే, ఎక్కడికే” అని మాట్లాడేది, బళ్లో హిందీ, సంతలో హల్బీ. నా ఉద్యోగానికి ఈ మూడు భాషలే అసలైన అర్హత అని తర్వాత తెలిసింది. జగదల్‌పూర్ ఆఫీసులో మొదలుపెట్టి అక్కడే రిటైరయ్యాను. ప్రమోషన్ల గోల ఇక్కడ రాయను. వచ్చినప్పుడు స్వీట్లు పంచాను, రానప్పుడు ఇంట్లోవాళ్ల మీద అరిచాను. అంతకు మించి వాటిలో చెప్పుకోవడానికేమీ లేదు.

మా పని ఏమిటంటే, ప్రభుత్వం పర్యావరణం పేరు చెప్పి కొన్ని పన్నులు వదులుకుంటుంది. పొగ రాని బండి కొంటే రోడ్డు టాక్సు ఉండదు. ఫ్యాక్టరీలో దుమ్ము పట్టే యంత్రం పెడితే ఏదో ఒక తగ్గింపు ఉంటుంది. మా వైపు దీన్ని అందరూ ‘ఛూట్’ అంటారు. గోండీ మాట్లాడినా, తెలుగు మాట్లాడినా ఛూట్ ఛూటే. ఆ ఛూట్ వల్ల గాలి, నీరు, అడవి ఏమన్నా బాగుపడ్డాయా అని చూసి చెప్పడం మా పని. వినడానికి ఎంత సులువుగా ఉందో చూశారా. చేసేటప్పుడు తల ప్రాణం తోకకొస్తుంది.

ఇవ్వకపోతే ఏమయ్యేది

నా మొదటి ఆఫీసరు శుక్లా సాబ్. మనం రిపోర్టు చదువుతుంటే కళ్లు మూసుకుని వినేవాడు. నిద్రపోయాడేమో అనుకుని మనం గబగబా రెండు పేజీలు దాటేస్తే, కళ్లు తెరవకుండానే “వెనక్కి వెళ్లు” అనేవాడు.

జగదల్‌పూర్‌లో బ్యాటరీ బళ్లకు టాక్సు తీసేసిన కొత్తలో దాని మీద రిపోర్టు నాకు అప్పజెప్పారు. బళ్లు బాగా అమ్ముడుపోయాయి. నేను సంబరంగా రాసి పట్టుకెళ్లాను. సాబ్ అంతా విని హిందీలో ఒక్క మాట అడిగాడు. “ఛూట్ ఇవ్వకపోతే ఏమయ్యేది?” నేను రిపోర్టులో పేజీలు తిరగేయబోయాను. “అయితే బజారుకెళ్లి తెలుసుకుని రా” అన్నాడు.

వెళ్లాను. ఒక బట్టల షాపాయన ఇంట్లో రెండు కార్లున్నాయి, వాటికి తోడు బ్యాటరీ స్కూటర్ ఒకటి. ఎవరి కోసమండీ అంటే, “అమ్మాయి ట్యూషన్‌కి” అన్నాడు. అంతకుముందు అమ్మాయి ఎలా వెళ్లేదని అడిగితే “సైకిల్ మీద” అన్నాడు హాయిగా. సైకిల్ పోయి స్కూటర్ వచ్చింది. పొగ తగ్గిందని నేను రిపోర్టు రాశాను. సైకిల్‌కి పొగెక్కడిది, నా మొహం!

అదే బజారులో ఆటోస్టాండుకి వెళ్తే కథ వేరేగా ఉంది. అక్కడ డీజిలు ఆటోలు అమ్మేసి బ్యాటరీవి కొన్నారు. టాక్సు పడితే కొనేవాళ్లం కాదని ఒక్కొక్కరూ విడివిడిగా చెప్పారు. వాళ్ల విషయంలో ఛూట్ పనిచేసింది. అంటే ఒకే రాయితీ ఒక వీధిలో పనిచేసి, పక్క వీధిలో గాలికి పోవచ్చు. సగటు తీసి మధ్యలో ఒక అంకె పడేస్తే రెండు వీధులకీ అన్యాయం చేసినట్టే.

బట్టలు ఎక్కడ ఆరేశారు

దుమ్ము పట్టే యంత్రానికి తగ్గింపు తీసుకున్న ఒక ఫ్యాక్టరీ ఉండేది. పేరెందుకు లెండి. మా జీపు వెళ్లినప్పుడల్లా యంత్రం భేషుగ్గా తిరిగేది. మేనేజరు టీ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి, మీటర్లు చూపించేవాడు. నేను టీ తాగేసి వెనక కాలనీలోకి వెళ్లాను. మిట్ట మధ్యాహ్నం, మంచి ఎండ. ఒక్క ఇంటి ముందు కూడా తడిబట్టలు లేవు. అందరూ ఇళ్లలో తాళ్లు కట్టి ఆరేసుకుంటున్నారు. ఒకావిడ నన్ను చూసి నవ్వి, “బయట ఆరేస్తే మళ్లీ ఉతకాలి కదా అక్కా” అంది.

కొన్నందుకు రాయితీ ఇచ్చారు. నడిపినందుకు కాదు. నడిపితే కరెంటు ఖర్చు, నడపకపోతే అడిగేవాడు లేడు. రాయితీ దేనికి ఇస్తున్నామో ఆ పనే జరుగుతుంది, దాని పక్కనున్న పని జరగదు. ఇది అర్థం చేసుకోవడానికి వర్క్‌షాపులు, మినరల్ వాటర్ బాటిళ్లు అక్కర్లేదు. దండెం మీద ఏముందో చూస్తే చాలు.

ఈ రెండూ చిన్నవి. నన్ను నిజంగా పట్టి కుదిపింది మాత్రం ఇప్పపువ్వు.

ఇప్పపువ్వు ఛూట్

బస్తర్‌లో పుట్టినవాళ్లకి ఇప్పపువ్వు గురించి చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం రెండు మాటలు. శివరాత్రి దాటాక ఇప్పచెట్టు ఆకంతా రాల్చేస్తుంది. తర్వాత పువ్వు పడుతుంది, తెల్లారుజామున టపటపా. దాన్ని ఏరి, ఎండబెట్టి, అమ్ముకుంటారు. అడివి పక్క ఊళ్లలో ఎండాకాలం ఇల్లు నడిచేది దాని మీదే. కానీ కింద ఆకు దట్టంగా ఉంటే పువ్వు అందులో పడి కనిపించదు. అందుకని పువ్వు రాకముందే చెట్టు కింద ఆకుకి నిప్పు పెడతారు. ఆ నిప్పు ఒక్కోసారి జారి అడివిలోకి పోతుంది. మొలకలు మాడిపోతాయి, నేల మీద గూళ్లు కట్టుకునే పిట్టల గుడ్లు పోతాయి.

దీనికి రాయ్‌పూర్‌లో ఎవరో మంచి ఆలోచన చేశారు. వెటకారం కాదు, నిజంగానే మంచి ఆలోచన. చెట్టు కింద నాలుగు కర్రలు పాతి వల కడితే పువ్వు వలలోనే పడుతుంది. మట్టి ఉండదు, బూడిద ఉండదు, ఆకు కాల్చే పనే లేదు. ఆ శుభ్రమైన పువ్వుని మంచి ధర పెట్టి కొనే వ్యాపారికి మండీ టాక్సు, అంటే మార్కెట్ పన్ను, మాఫీ. వలలు పంచేది ఊళ్లో పువ్వు ఏరేవాళ్ల సంఘం. నిప్పు పెట్టేవాళ్లకి వల ఇవ్వకూడదు, వాళ్ల దగ్గర ఆ వ్యాపారి కొనకూడదు. ఇదీ ఏర్పాటు.

రెండో ఏడు మొదలయ్యాక ఇది పనిచేస్తోందా లేదా చూడమన్నారు. కొనసాగించాలా, ఎత్తేయాలా అన్నది మా రిపోర్టు మీద తేల్చుతారు. నాకు తోడు తివారీ అని ఒక సహోద్యోగి. కంప్యూటరులో దిట్ట. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో ఎక్కడెక్కడ మంట ఉందో చుక్కలు పెట్టి చూపించాడు. వల ఇచ్చిన ఊళ్లలో చుక్కలు తగ్గాయి. రాయ్‌పూర్‌లో డైరెక్టర్ సాబ్ పొంగిపోయాడు. “ఇంకేముంది, రాసేయండి” అన్నాడు.

“ఊళ్లు చూసి రాస్తాం సార్, మార్చిలో” అన్నాను.

“మార్చిలోనా?” అని ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

మా శాఖలో మార్చిలో ఎవరూ టూర్ వెళ్లరు. ఆర్థిక సంవత్సరం ముగింపు, బిల్లుల హడావుడి. టూర్లన్నీ మే చివర, జూన్‌లో. అంటే ఆకు రాలినప్పుడు మేం లేం, పువ్వు పడినప్పుడు మేం లేం. మేం వెళ్లేసరికి మొదటి వాన పడి నేలంతా పచ్చగా ఉంటుంది. అడివిలో ఫాల్గుణ చైత్రాలు మా శాఖ కంట ఎన్నడూ పడలేదు. నేను పట్టుబట్టాను, ఆయన విసుక్కున్నాడు, చివరికి “నీ ఇష్టం, ఎండదెబ్బ తగిలితే నన్ననకు” అని సంతకం పెట్టాడు.

వల ఉంది

భోపాల్‌పట్నం నుంచి లోపలికి పోతే వచ్చే ఊరు అది. దోర్లా ఆదివాసులు ఎక్కువ. వాళ్లలో వాళ్లు దోర్లీ, మనతో తెలుగు. మేం పొద్దున్నే వెళ్లాం. ఊరంతా ఇప్పపువ్వు వాసన. ఇళ్లలో మనుషుల్లేరు, ముసలీ ముతకా కూడా చెట్ల కిందే ఉన్నారు. తివారీ కెమెరా తీసి అటు పరుగెత్తాడు. నేను ఇటు చూశాను. ఒక ఇంటి ముందు ఒకామె ఊరికే కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. ఒళ్లో నీలం రంగు వల, కొత్తది, మడత విప్పనిది.

“ఏమ్మా, ఒంట్లో బాగోలేదా? పువ్వుకి వెళ్లలేదేం?” అన్నాను.

“ఒంట్ల బానే ఉంది. ఏడికి పోవాలె మేడం? వల ఉంది, చెట్టు లేదు.”

ఆమె పేరు లచ్చక్క. ఊరంతా అలాగే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. భర్త పోయాక పుట్టింటికి తిరిగొచ్చింది. తండ్రి బతికుండగా తన చెట్లలోంచి మూడు ఇప్పచెట్లు ఆమెకిచ్చాడు. పొలం లేదు. ఆ మూడు చెట్లే ఆమె ఆస్తి.

“చెట్లు మీవే కదా, మరి లేదంటారేం?”

“కాలిస్తె నాయి. నేను కాల్చలే గద.”

నాకు అర్థం కాలేదు. ఆమె నా వైపు జాలిగా చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. వాళ్ల ఊళ్లో చెట్టు కింద ఆకు కాల్చడం పువ్వు ఏరడానికొక్కటే కాదు. ‘ఈ ఏడు ఈ చెట్టు నాది’ అని చెప్పడం కూడా అదే. నలుపు చూసి మిగతావాళ్లు పక్కకి జరుగుతారు. ఎవరూ కాల్చని చెట్టుని యజమాని వదిలేసినట్టు లెక్క, ఎవరైనా కాల్చుకుని ఏరుకోవచ్చు. అలా వరసగా మూడు కాలాలు ఏరుకుంటే ఆ చెట్టు వాళ్లకే పోతుంది, ఇక అడగడానికి లేదు.

“సంఘంల చెప్పిండ్రు, కాలిస్తె వల ఇయ్యమని. వేలిముద్ర ఏసిన, కాల్చలే. మా పెదనాయిన కొడుకు భీమయ్య కాల్చిండు. నిరుడు ఆయనే ఏరిండు. ఈయేడు గూడ ఆయనే ఏరుతాండు. ఇంకో ఏడైతే అయిపోతది.”

“అయ్యో, ఊడిస్తే సరిపోదా లచ్చక్కా? కాల్చకుండా?”

“ఏంది మేడం, ఊడిస్తె రెండు పూటలకు మళ్ల ఆకే. నలుపైతె పువ్వు దాక ఉంటది.”

“వల ముందే కట్టేస్తే?”

“వల ఇచ్చిందే పువ్వు పడ్డంక. నిరుడు ఆకు రాలినప్పుడు చేతుల ఏముంది? ఈయేడు కట్టినా వల ఎవ్వలు చూడరు, నలుపే చూస్తరు.”

నేను ఆమె పక్కనే అరుగు మీద కూర్చున్నాను. ప్రభుత్వం చెప్పిన మాట ఈ మనిషి అక్షరాలా విన్నది. విన్నందుకు చెట్లు పోతున్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఎవరి మీద కోప్పడాలో తెలియక ఇంకా మండింది.

ఆ మంట మీదే భీమయ్య దగ్గరికి వెళ్లాను, నాలుగు దులిపేద్దామని. తీరా చూస్తే మనిషి మర్యాదస్తుడు. మంచం వేసి, మంచినీళ్లిచ్చి, “ఏంది మేడం, కోపం మీదున్నవ్?” అన్నాడు.

“నీ చెల్లెలి చెట్లు నువ్వెలా ఏరుకుంటున్నావయ్యా?”

“ఆకు అట్లనే పడి ఉండె. ఎవ్వలు ముట్టలే. ఇడిసిపెట్టిందనుకున్న.”

“ఒక్క మాట అడగొచ్చు కదా!”

“చెట్టు సంగతి నోటితోని అడుగుతరా? నలుపు చూస్తరు.” అతను నీళ్లు నమల్లేదు, దొంగచూపులు చూడలేదు. తనకు తెలిసిన న్యాయం అదే. అతని తాతా అలాగే చేసుంటాడు.

అతని వాకిట్లో పువ్వు ఎండుతోంది. జల్లెడ పట్టి, బూడిద దులిపి, ముత్యాల్లా చేశాడు. అతనికిచ్చిన వల కోళ్ల గూడు మీద కప్పి ఉంది. “ఇది వల పువ్వుగానే అమ్ముతావా?” అంటే, “శుభ్రంగ ఉంది గద, షావుకారి తీసుకుంటడు” అన్నాడు. ఆ షావుకారికే మనం టాక్సు మాఫీ చేస్తున్నాం.

ఎవరు మానేశారు

ఆ ఊళ్లో, పక్క రెండు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగాం. తివారీని మెచ్చుకోవాలి, మొదట మొహం ముడుచుకున్నా తర్వాత నాకంటే ఎక్కువ తిరిగాడు. అతని చుక్కలు తప్పు కాదు. మంటలు నిజంగానే తగ్గాయి. కానీ ఎవరు మానేశారు? ఒంటరి ఆడవాళ్లు, కొడుకుల్లేని ముసలి జంటలు, కాలు విరిగి ఇంట్లో పడున్న ఒకాయన. నోట్లో నాలుక లేనివాళ్లు, పంచాయితీలో నిలబడి గొంతెత్తలేనివాళ్లు. వాళ్లే సంఘం మాటకు భయపడి మానేశారు. ఎదిగిన కొడుకులున్న ఇళ్లవాళ్లు ఎప్పట్లాగే కాల్చారు, వదిలేసిన చెట్లు కలుపుకున్నారు, వాళ్లని కాదనే ధైర్యం సంఘానికి లేక వల కూడా తెచ్చుకున్నారు.

మన పనిలో అందరం ‘ఎంత తగ్గింది’ అని అడుగుతాం. ‘తగ్గించింది ఎవరు, దాని బరువు ఎవరి మీద పడింది’ అని అడగం. పిల్లలూ, నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. పని జరుగుతున్నచోట ఫొటోలు తీస్తూ ఉండిపోకండి. ఆ సమయంలో పని లేకుండా కూర్చున్న మనిషి ఎవరో వెతికి, పక్కన కూర్చోండి.

రాయ్‌పూర్‌లో

డైరెక్టర్ సాబ్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పోట్లాడ్డం సులువు. మొత్తం విని, “మంట తగ్గిందా లేదా? ఒక్క ముక్కలో చెప్పు” అన్నాడు.

“తగ్గింది సార్. తగ్గించినవాళ్ల చెట్లు పోతున్నాయి.”

“మనం పన్ను సంగతి చూసేవాళ్లం. చెట్టు పంచాయితీలు మనవి కావు. చివర్లో ఒక లైను రాసి వదిలెయ్.”

“ఆ లైను ఎవరు చదువుతారు సార్? మీరే చదవరు.”

గొంతు పెరిగిందని నాకే తెలిసింది. ఆయన కోప్పడలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి నెమ్మదిగా అన్నాడు. “నువ్వు రాసినట్టే మొదటి పేజీలో రాస్తే పైవాళ్లు ఏం చేస్తారో తెలుసా? బాగు చెయ్యరు. ఎత్తేస్తారు. ఛూట్ పోతే షావుకారు మంచి ధర ఇవ్వడు. అప్పుడు మీ లచ్చక్కకి చెట్లూ ఉండవు, ధరా ఉండదు. దానికి నువ్వు జవాబుదారీవేనా?”

ఆ మాట నిజం. రిపోర్టు రాసేవాళ్లు చేతులు దులుపుకుని వెళ్లిపోతారు. కింద ఉన్నవాళ్ల మీద ఏం పడుతుందో చూడరు. చూడాలని ఆయనే నాకు చెప్పాల్సొచ్చింది.

అయినా మొదటి పేజీలోనే రాశాను. ఎత్తేయమని రాయలేదు. ముందు ఊరంతా కూర్చుని నిప్పు బదులు ఇంకేదన్నా గుర్తుని ఒప్పుకోవాలి, తాడో కొమ్మో వలో ఏదైనా సరే. వల ఆకు రాలకముందే చేతికి అందాలి. అలా ఒప్పుకున్న ఊళ్ల పువ్వుకే టాక్సు మాఫీ ఉండాలి. ఇదీ నేను రాసింది. ఆయన రెండు రోజులు పెట్టుకుని, పక్కన తన అభ్యంతరం రాసి, పైకి పంపాడు. ఆపేయగలిగేవాడు, ఆపలేదు. ఆ గౌరవం నాకు ఇప్పటికీ ఉంది.

వానలు తగ్గాక లచ్చక్క దగ్గరికి వెళ్లి ఏం రాశానో చెప్పాను. ఒకరి గురించి రాసినప్పుడు వాళ్లకి చెప్పాలి కదా. ఆమె అంతా విని, “బందు చేస్తరా?” అంది.

“చెయ్యొచ్చు. నాకు భయంగానే ఉంది.”

“బందైతె మంచిదే. మళ్ల కాల్సుకుంట, నా చెట్లు నాకొస్తయ్.”

నేను నోరు తెరిచాను. అడివి, పిట్టలు, మొలకలు అని ఏదో అన్నాను.

“నాకు తెల్వదా మేడం? గుడ్లు కాలితె ఆ వాసన మాకే వస్తది. వల మంచిదే. నడుం వంగే పని లేదు. నేను వల వద్దంటున్ననా? చెట్టు కావాలంటున్న.”

ఇంత సూటిగా మా మొత్తం రిపోర్టులో ఒక్క వాక్యం లేదు.

ఆకు రాలింది

ఆ ఫైలు కథ ముందే చెప్పేస్తాను. నేను రిటైరయ్యాక ఆర్డరు వచ్చింది. మేం అడిగినవాటిలో సగం ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ ఊళ్లో చెట్టు మొదలుకి తాడు కడితే చెల్లుతుంది. కొందరు ఇంకా కాలుస్తారు, చాలామంది కాల్చడం లేదు. నా ఉద్యోగం మొత్తంలో గర్వంగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

కానీ ఫైలుకి తీరిక ఉంటుంది. చెట్టుకి ఉండదు. శివరాత్రి అయింది, ఆకు రాలడం మొదలైంది, ఆర్డరు రాలేదు. లచ్చక్కకి అది మూడో కాలం. నేను సెలవు పెట్టి వెళ్లాను. ఊరి పటేల్ దగ్గర కూర్చుని బతిమాలాను, తాడు కడితే ఒప్పుకోండని. ఆయన పెద్దమనిషి, విన్నాడు. “ఒక్కని మాట కాదమ్మ. ఊరు కూసోవాలె. పెండ్లిళ్లయినంక కూసుంటం” అన్నాడు. పెళ్లిళ్లు అయ్యేసరికి పువ్వు కూడా అయిపోతుంది.

మర్నాడు పొద్దున లచ్చక్క నన్ను తన చెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. మూడూ ఒకే వరసలో ఉన్నాయి. కింద ఆకు మడమలు మునిగేంత ఉంది, ఎవరూ ముట్టలేదు. భీమయ్య ఇవాళో రేపో వస్తాడని ఆమెకు తెలుసు. కాలిస్తే సంఘంలోంచి పేరు కొట్టేస్తారు, వల తీసుకుంటారు, షావుకారు మంచి ధరకి కొనడు. కాల్చకపోతే తండ్రి ఇచ్చిన చెట్లు ఇక ఈ జన్మకి ఆమెవి కావు.

కొంగులోంచి అగ్గిపెట్టె తీసి చేతిలో పట్టుకుని నా వైపు తిరిగింది.

“నువ్వు చదువుకున్నదానివి. సర్కారు మనిషివి. కాల్చాల్నా వద్దా? నువ్వే చెప్పు.”

అడివి కాల్చొద్దని ఊరూరా చెప్పే సర్కారు జీతం అన్నేళ్లు తిన్నాను. ఆమె నా మొహమే చూస్తోంది. “నీ ఇష్టం” అని తప్పించుకోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలా అంటే ఆమె కాల్చదని నాకు తెలుసు. ఎప్పుడూ సర్కారు మాట వినే మనిషి కదా.

“కాల్చు” అన్నాను.

ఆమె వెంటనే అంటించలేదు. ముందు చుట్టూ ఆకు లోపలికి ఊడ్చి, అడివి వైపు నేల బయటపడేలా గీత తీసింది. పచ్చికొమ్మలు రెండు విరిచి ఒకటి నా చేతికిచ్చింది. ఒక్కో చెట్టు కిందా నిప్పు పెట్టి, ఇద్దరం చెరో పక్క నిలబడి అంచులు కొడుతూ ఆర్పాం. పొగకి నా కళ్లు మండిపోయాయి. నిప్పు గీత దాటలేదు. మూడో చెట్టు దగ్గర నా చీర కుచ్చిళ్లు కాస్త కాలితే లచ్చక్క చేత్తోనే తట్టి ఆర్పింది, తిట్టింది కూడా.

పొగ పల్చబడుతుండగా భీమయ్య వచ్చాడు. నడుముకి గొడ్డలి, చెవి మీద బీడీ, చేతిలో అతని అగ్గిపెట్టె. మూడు చెట్ల కిందా నలుపు చూశాడు. నన్ను చూశాడు, కాలిన చీర చూశాడు. చివరికి చెల్లెలి వైపు తిరిగాడు.

“ఈయేడు ఏరుకుంటవా?” అన్నాడు.

“ఏరుకుంట” అంది లచ్చక్క.

అతను అగ్గిపెట్టె జేబులో వేసుకుని, పక్కకి జరిగి, తన చెట్ల వైపు నడిచి వెళ్లిపోయాడు.